ఎనిమిది ఉక్కు రేకులకు అచ్చులు వినిపించాను

నీళ్ల బకెట్ రెండు మాటల మధ్య తేడా పట్టగలదని చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. 2003లో క్రిసాంత ఫెర్నాండో, సంప్స సోయక్క అనే పరిశోధకులు చేసిన ప్రయోగం అది. ‘జీరో’, ‘వన్’ అని పలికిన రికార్డింగులను చిన్న మోటార్ల కదలికగా మార్చి, ఆ మోటార్లతో నీటిని కదిలించారు. పైన లేచిన అలలను కెమెరాతో తీసి, ఆ బొమ్మలను బట్టి ఏ మాట పలికారో తేల్చారు. నీటికి ఎవరూ ఏమీ నేర్పలేదు. అల తన ధర్మం ప్రకారం లేచింది, పడింది. నేర్పిందల్లా ఆ అలను చదివే చివరి చిన్న లెక్కకే.

నేను రోజంతా ప్రోగ్రాములు రాసే మనిషిని. మాటలను గుర్తుపట్టే న్యూరల్ నెట్‌వర్కులతో కొంతకాలం పనిచేశాను. అక్కడ ప్రతిదీ గుణకారమే, ప్రతి గుణకారానికీ కొంత కరెంటు ఖర్చే. ఆ లెక్కల్లో పెద్ద వాటాను ఒక వస్తువు తన మానాన తాను ఊగుతూ చేసిపెడుతుందంటే, దాన్ని నా చేతులతో కట్టి చూడాలనిపించింది. రాత్రుళ్లు, సెలవు రోజులు కలిపి దాదాపు ఎనిమిది నెలలు పట్టింది.

దీని వెనకున్న ఆలోచనను 2001లో హెర్బర్ట్ యేగర్, 2002లో వోల్ఫ్‌గాంగ్ మాస్ బృందం వేర్వేరుగా ప్రతిపాదించారు. తర్వాత దానికి రిజర్వాయర్ కంప్యూటింగ్ అన్న పేరు స్థిరపడింది. కదిలే వ్యవస్థ ఏదైనా తీసుకోండి. దానికి ధ్వనిని అందించండి. అది ఎలా కదలాలో మీరు చెప్పనక్కర్లేదు. దానిలో వేర్వేరు చోట్ల కదలికను కొలిచి, ఆ అంకెలకు తగిన బరువులు వేసి కూడితే జవాబు రావాలి. శిక్షణ అంతా ఆ బరువులను కనుక్కోవడమే. అయితే ఆ వ్యవస్థకు రెండు లక్షణాలు ఉండి తీరాలి. జరిగిన దాన్ని కాసేపు గుర్తుంచుకుని తర్వాత మరిచిపోవాలి. రెట్టింపు బలంతో తోస్తే సరిగ్గా రెట్టింపే ఊగే రకం, అంటే పూర్తిగా రేఖీయమైనది, కాకూడదు. ఈ రెండో షరతును నేను చదివాను కానీ దాని బరువు నాకు తెలియలేదు. తెలియడానికి ఐదు నెలలు పట్టింది.

నీటికి బదులు ఉక్కు రేకులు ఎంచుకున్నాను. మెకానిక్కులు సందు కొలవడానికి వాడే ఫీలర్ గేజ్ ఆకులు ఇందుకు చక్కగా సరిపోతాయి. మందం వాటి మీదే చెక్కి ఉంటుంది, ఉక్కు గట్టిది, అంతటా ఒకే తీరుగా ఉంటుంది. 0.3 మిల్లీమీటర్ల ఆకులు తీసుకుని, ఒక చివర ఇనుప దిమ్మెలో బిగించి, రెండో చివర గాలిలోకి వదిలాను. ఇలా ఒకవైపే పట్టున్న రేకుకు పొడవు సగమైతే పౌనఃపున్యం నాలుగింతలవుతుంది. 35 మిల్లీమీటర్ల రేకు 200 హెర్ట్జ్ దగ్గర పలికింది. అన్నిటికన్నా పొట్టిది, 11 మిల్లీమీటర్లది, 2,000 హెర్ట్జ్ దగ్గర. వీటి మధ్య మరో ఆరు. ఈ ఉక్కు కత్తెరకు లొంగదు, ఆకురాయితో రుద్దుకుంటూ పోవాలి. రెండుసార్లు రుద్దడం, బిగించడం, గోటితో మీటడం, ఫోనులో పౌనఃపున్యం చూడడం, మళ్లీ విప్పడం. ఎనిమిది రేకులు కుదరడానికి మూడు వారాలు పట్టింది.

దిమ్మెను స్పీకరు శంకువు మీద అతికించాను. స్పీకరు పలికితే దిమ్మె కదులుతుంది, దానితో పాటు రేకుల మొదళ్లన్నీ కదులుతాయి. ఏ రేకు పౌనఃపున్యం ధ్వనిలో ఉంటే ఆ రేకు అనునాదంతో గట్టిగా ఊగుతుంది. ఒక్కో రేకు కొసకు ఎదురుగా సన్నని రాగి తీగచుట్ట, దాని నడుమ చిన్న అయస్కాంతం. ఎలక్ట్రిక్ గిటారు తీగ కింద ఉండేది ఇదే ఏర్పాటు. రేకు ఊగితే చుట్టలో కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది. దాన్ని పెంచి, డయోడుతో ఒకవైపుకు తిప్పి, కెపాసిటరుతో నునుపు చేసి, మైక్రోకంట్రోలరు అనే చిన్న చిప్పుకు ఇచ్చాను. ప్రతి పలుకును ఐదు కాల ఖండాలుగా చేస్తే, ఎనిమిది రేకులకు కలిపి నలభై అంకెలు వచ్చాయి. ఆ నలభై అంకెలే నా కంప్యూటరు చూసేది. అసలు ధ్వని దాని కంట పడదు.

గుర్తించాల్సినవి ఐదు అచ్చులు: అ, ఇ, ఉ, ఎ, ఒ. అచ్చుకూ అచ్చుకూ తేడా నోటి ఆకారంలో ఉంటుంది. నోరు ఏ పౌనఃపున్యాలను పెంచుతుందో వాటిని ఫార్మెంట్లు అంటారు. ‘ఇ’ అన్నప్పుడు మొదటి ఫార్మెంట్ 300 హెర్ట్జ్ ప్రాంతంలో, రెండోది 2,000 దాటి ఉంటుంది. ‘అ’కు మొదటిది 700 ప్రాంతానికి ఎగబాకుతుంది, రెండోది బాగా కిందికి దిగుతుంది. ఒక్కో అచ్చును నా గొంతుతోనే నలభై సార్లు రికార్డు చేశాను. సగం శిక్షణకు, సగం పరీక్షకు.

మొదటి పరీక్షలో దాదాపు అన్నీ సరిగ్గా చెప్పింది. ఆ సంతోషం రెండు రోజులు నిలిచింది.

మూడో రోజు, ఎందుకో అనుమానం వచ్చి, ప్రతి రికార్డింగులో పలుకుకు ముందున్న నిశ్శబ్దాన్ని మాత్రమే కత్తిరించి రేకులకు వినిపించాను. గొంతు లేదు, అచ్చు లేదు. అయినా ఏ అచ్చు రాబోతోందో చాలాసార్లు సరిగ్గానే చెప్పింది. ‘అ’ నలభై సార్లూ ఒక రాత్రి రికార్డు చేశాను, ‘ఇ’ మర్నాడు పొద్దున, ‘ఉ’ ఇంకో పూట. ఒక పూట ఫ్యాను తిరుగుతోంది, ఒక పూట లేదు. మైకు దూరం మారింది. నా ఏర్పాటు నేర్చుకున్నది అచ్చులను కాదు, ఆ గదిలోని పూటలను. ఎంత శాతం వచ్చిందన్న అంకె ఒక్కటే చూస్తే ఈ సంగతి ఎన్నటికీ బయటపడదు. అన్ని రికార్డింగులూ పారేసి, తెర మీద అచ్చులు యాదృచ్ఛిక క్రమంలో కనిపించేలా ప్రోగ్రాం రాసి, వేర్వేరు పూటల్లో అన్నిటినీ కలిపి మళ్లీ పలికాను. ఫలితం ఐదింట రెండుకు పడిపోయింది. గుడ్డిగా చెప్పినా ఐదింట ఒకటి వస్తుంది కదా.

ఇంత తక్కువ ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. నేను గట్టిగా బిగించిన రేకులు మరీ స్వచ్ఛంగా పలుకుతున్నాయి. 400 హెర్ట్జ్ రేకు తన చుట్టూ మూడు నాలుగు హెర్ట్జ్ మేర తప్ప మరి దేనికీ స్పందించదు. మనిషి గొంతేమో అన్ని పౌనఃపున్యాల్లోనూ నిండుగా పరుచుకుని ఉండదు. స్వరపేటిక 120 హెర్ట్జ్ దగ్గర పలికితే, ధ్వనిలో ఉండేది 120, 240, 360, 480 ఇలా మెట్లు మాత్రమే. మెట్టు రేకు మీద పడితే రేకు మోగుతుంది, రెండు మెట్ల నడుమ రేకు ఉంటే దానికి ఏమీ వినిపించదు. అదే ‘అ’ను కాస్త శ్రుతి పెంచి పలికితే వేరే రేకులు లేస్తున్నాయి. నా ఎనిమిది రేకులు నోటి ఆకారాన్ని కాకుండా గొంతు శ్రుతిని వింటున్నాయి.

ఒక రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, ఎవరినీ లేపకూడదని గుసగుసగా పలికి రికార్డు చేశాను. ఫలితం ఒక్కసారిగా పెరిగింది. కారణం వెంటనే తట్టలేదు, తట్టాక కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. గుసగుసలో స్వరపేటిక మోగదు. ఊపిరి రాపిడి మాత్రమే ఉంటుంది. ఆ రాపిడిలో అన్ని పౌనఃపున్యాలూ ఎడతెగకుండా ఉంటాయి కాబట్టి మెట్లు లేవు, ఖాళీలు లేవు. నోరు ఏ భాగాన్ని పెంచితే ఆ భాగం రేకులన్నీ కదులుతాయి. ఏ గొంతుతో మాట్లాడినా బాగా వినగల యంత్రాన్ని కట్టాలని మొదలుపెట్టినవాడిని, గుసగుసలు బాగా వినే యంత్రం దగ్గర తేలాను. మామూలు గొంతు కోసం తర్వాత ఆరు రేకుల మొదట్లో కొద్దిగా మైనం అద్ది, వాటి పలుకును మొద్దుబార్చి, స్పందన పరిధిని వెడల్పు చేశాను. అది పనిచేసింది. కానీ దానికి మూల్యం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇంతవరకు వచ్చాక నాలో నేను వేసుకున్న ప్రశ్న ఒక్కటే. ఈ పనిలో రేకుల వాటా ఎంత? రికార్డింగులు సిద్ధం చేసింది నా ప్రోగ్రాం. చివరి లెక్క కట్టింది కంప్యూటరు. మధ్యలో డయోడు ఉంది. రేకులు నిజంగా లెక్క కడుతున్నాయా, ఊరికే నిలబడి ఉన్నాయా?

ఈ ప్రశ్న నాకంటే పెద్దవాళ్లూ వేసుకున్నదే. 2017లో జూలీ గ్రోలియే బృందం ఒక నానో డోలకంతో, వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని అయస్కాంత కణికతో, పలికిన అంకెలను 99.6 శాతం గుర్తించింది. ఒక్క డోలకాన్నే కాలంలో ముక్కలు చేసి 400 న్యూరాన్లుగా వాడారు. నాకు ఆ పత్రంలో ఎక్కువ నచ్చింది వాళ్లు డోలకాన్ని తీసేసి కూడా కొలిచి చూపడం. ధ్వనిని ముందుగా చెవిని అనుకరించే ఫిల్టరు గుండా పంపితే, డోలకం లేకుండానే 95 శాతం దాటింది. అంటే కష్టంలో ఎక్కువ భాగం ఫిల్టరుదే. అదే ధ్వనిని మామూలు రేఖీయ స్పెక్ట్రోగ్రాంగా, అంటే ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే పటంగా, ఇచ్చినప్పుడు డోలకం లేకపోతే 10 శాతం, పది అంకెల్లో గుడ్డి ఊహకు వచ్చేంత. డోలకం పెడితే 80 శాతం దాకా. ఆ రెండో కొలతలోనే డోలకం ఏం చేస్తుందో కనబడుతుంది. ఈ రంగంలో ఎవరైనా ఫలితం చెబితే, వస్తువును తీసేస్తే ఎంత వచ్చిందని ముందు అడగాలని నా గట్టి అభిప్రాయం.

నేనూ తీసేసి చూశాను. రేకులు లేకుండా, అదే ధ్వనిని నేరుగా డయోడుకు ఇస్తే, గుడ్డి ఊహ కంటే కాస్త ఎక్కువ వచ్చింది. అది కూడా ‘అ’ సహజంగానే బిగ్గరగా ఉండడం వల్ల. బిగ్గరతనం అన్నిటికీ సమానం చేశాక అదీ పోయింది. కాబట్టి రేకుల వాటా ఉంది. కానీ ఏ పాటి వాటా? ధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీయడం మాత్రమే. ఆ పని హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే బోలు గోళాలతో చేశాడు. అది వడపోత. లెక్క అనడానికి ఇంకేదో కావాలి.

అందుకు చిన్న పరీక్ష పెట్టాను. 400, 600 హెర్ట్జ్ స్వరాలు రెండు. ఏదో ఒకటే మోగితే ‘అవును’. రెండూ మోగినా, రెండూ మోగకపోయినా ‘కాదు’. పిల్లాడికి కూడా తెలిసే తేడా ఇది, అయినా బరువులు వేసి కూడడం వల్ల మాత్రం ఎన్నటికీ రాదు. 400 రేకు అంకె పెరిగితే జవాబు ‘అవును’ వైపు జరగాలి, 600 పెరిగినా అలాగే. రెండూ పెరిగితే మొత్తం ఇంకా పెరుగుతుందే గాని వెనక్కి రాదు. నా రేకులు ఈ పరీక్షలో పూర్తిగా ఓడిపోయాయి. ఎన్ని రోజులు శిక్షణ ఇచ్చినా అంతే. అప్పుడు అర్థమైంది, మొదట్లో చదివి దాటేసిన ఆ రెండో షరతు ఏమిటో.

రేకుకు ఎదురుగా అయస్కాంతం ఉందని చెప్పాను కదా. అది అప్పటిదాకా నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉంది, రేకును తాకకుండా కొలవడానికి. దాన్ని దగ్గరికి జరపడం మొదలుపెట్టాను. మిల్లీమీటరు దాకా తెస్తే రేకు స్వభావమే మారిపోతుంది. అయస్కాంతం వైపు ఊగినప్పుడు ఆకర్షణ బాగా పెరుగుతుంది, అవతలికి ఊగినప్పుడు తగ్గుతుంది. ఊపు పెరిగే కొద్దీ సొంత పౌనఃపున్యమే పక్కకు జరుగుతుంది. ఇలాంటి డోలకాల సమీకరణాన్ని జార్జ్ డఫింగ్ 1918లోనే అచ్చువేశాడు. ఇంకాస్త దగ్గరికి తెస్తే రేకు వెళ్లి అయస్కాంతానికి టక్కున అతుక్కుపోతుంది, వేలితో విడదీయాలి. ఆ అతుక్కుపోయే అంచుకు కొద్దిగా ఇవతల నిలపాలి. మర ఒక్క పావు చుట్టు తిప్పితే అటో ఇటో అయిపోయే చోటు అది.

400, 600 రేకుల అయస్కాంతాలను అలా నిలిపి, రెండు స్వరాలూ ఒకేసారి మోగించాను. పక్కన దీపం పెట్టుకుని రేకుల కొసలను చూస్తున్నాను. ఊగే రేకు కొస మసకగా, పలుచని పొరలా కనిపిస్తుంది. 400 రేకు మసకబారింది. 600 రేకు మసకబారింది. వాటితో పాటు చివర ఉన్న అతి పొడవైన 200 రేకు కూడా మసకబారింది. దానికి నేను ఏ స్వరమూ ఇవ్వలేదు. ఒక స్వరం ఆపితే అది నిశ్చలంగా నిలిచింది. రెండూ మోగిస్తే మళ్లీ కదిలింది. 600 నుంచి 400 తీసేస్తే 200. ఆ తీసివేత ఏ ప్రోగ్రామూ చేయలేదు, ఇనుప దిమ్మె గుండా రేకులే చేసుకున్నాయి.

స్పీకరు వంకర వల్లే ఆ 200 పుట్టిందేమోనని భయపడ్డాను. స్పీకర్లు కూడా ఇలాంటి అదనపు స్వరాలను కొంత పుట్టిస్తాయి. 200 రేకు దగ్గర ఏమీ మార్చకుండా, మిగతా రెండు అయస్కాంతాలను మాత్రం వెనక్కి జరిపాను. 200 రేకు ఆగిపోయింది. దగ్గరికి తెచ్చాను, కదిలింది. ఆ రాత్రి ఇలా ఎన్నిసార్లు చేశానో లెక్కపెట్టలేదు.

వినేవాళ్లకు తెలిసిన విషయమే ఇది. 18వ శతాబ్దపు వయొలిన్ విద్వాంసుడు జుసెప్పె తార్తీని రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు వినిపించే మూడో స్వరం గురించి రాశాడు. మన లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే కాక్లియా కూడా రేఖీయం కాదు. రెండు స్వరాలు వినిపిస్తే తనంతట తాను కొత్త స్వరాలను పుట్టించి బయటికి పంపుతుంది. చెవి నుంచి వెలువడే ధ్వనులను డేవిడ్ కెంప్ 1978లో కొలిచి చూపాడు. ఇప్పుడు పుట్టిన పసిబిడ్డల వినికిడిని పరీక్షించడానికి వాటినే వాడుతున్నారు. వినడం అంటే ఉన్నదాన్ని వడకట్టడమే అయితే చెవికి ఈ అదనపు స్వరాలతో పనేముంది? బల్ల మీద ఆ పొడవాటి రేకు కదిలినప్పటి నుంచి నాకు చెవి వేరుగా కనిపిస్తోంది.

200 రేకు అంకెకు పెద్ద రుణ బరువు వేస్తే స్వరాల పరీక్ష పూర్తిగా పాసైంది. అచ్చుల మాటకొస్తే, అయస్కాంతాల వల్ల లాభం ఉంది గాని నేను ఆశించినంత లేదు. అచ్చులను విడదీయడానికి మామూలు వడపోతే చాలావరకు సరిపోతుంది, అది నిజం. గుసగుసల్లో ఐదింట నాలుగు సరిగ్గా వస్తాయి. తప్పుల్లో ఎక్కువ ‘ఇ’, ‘ఎ’ల మధ్యే. ఆ రెండూ బాగా విడిపోవాలంటే పైభాగంలో ఇంకో రెండు మూడు పొట్టి రేకులు కావాలి.

మైనానికి మూల్యం ఉందన్నాను. రేకు జ్ఞాపకం అది ఎంతసేపు మోగుతుందన్న దానిలోనే ఉంది. మైనం అద్దిన 400 రేకు మోత సెకనులో అరవయ్యో వంతు సమయంలోనే మూడో వంతుకు పడిపోతుంది. మైనం లేని రెండు రేకుల మోత అలా పడిపోవడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది. తెలుగులో ఈ తేడాతో పెద్ద పని ఉంది, ఎందుకంటే మనకు ‘అట’ వేరు, ‘ఆట’ వేరు. హ్రస్వానికీ దీర్ఘానికీ నోటి ఆకారంలో తేడా స్వల్పం, అసలు తేడా కాలంలో ఉంది. నేను ‘అ’, ‘ఆ’ గుసగుసగా పలికి, పలుకు మొదలైన 300 మిల్లీసెకన్ల తర్వాత ఒకే ఒక్క క్షణంలో రేకులను చదివాను. అప్పటికి రెండు పలుకులూ ముగిసిపోయాయి. మైనం రేకులు నిశ్చలంగా ఉన్నాయి, వాటికేమీ గుర్తులేదు. మైనం లేని రెండు రేకులు మాత్రం ‘ఆ’ తర్వాత ఇంకా ఊగుతున్నాయి, ‘అ’ తర్వాత దాదాపు సద్దుమణిగాయి. రేకుల్లో గడియారం లేదు, నిల్వ చేసే మెమరీ లేదు. ఎంతసేపటి క్రితం ఆగిందన్న సంగతి ఆరిపోతున్న ఊగిసలాటలోనే ఉంది.

ఇక ఈ పద్ధతిలో నన్ను ఎక్కువగా ఏడిపించినది మరలు. రోజూ మోగి మోగి దిమ్మె మరలు వదులవుతాయి. 25 మిల్లీమీటర్ల రేకు పట్టులోంచి 0.1 మిల్లీమీటరు జారితే దాని పౌనఃపున్యం సుమారు మూడు హెర్ట్జ్ మారుతుంది. మైనం లేని రేకుకు అది తన స్పందన పరిధి మొత్తంతో సమానం. నిన్న రాత్రి చక్కగా పనిచేసిన బరువులు ఇవాళ పొద్దున్నకు పనికిరాకుండా పోతాయి. ప్రోగ్రామును పదివేల యంత్రాల్లోకి కాపీ చేయవచ్చు. దీన్ని కాపీ చేయలేం. మరో దిమ్మె కడితే దాని రేకులు వేరు, దాని బరువులు వేరు, మళ్లీ మొదటి నుంచి వినిపించాలి. ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఎనిమిది రేకులనూ ఒక్కొక్కటిగా మీటి పౌనఃపున్యాలు రాసుకుంటాను. ఒక్కటి తేడా వచ్చినా ముందు మర బిగిస్తాను, తర్వాతే శిక్షణ.

2018లో అదే గ్రోలియే బృందం నాలుగు నానో డోలకాలను ఒకదానితో ఒకటి కలిపి ఏడు అచ్చులను గుర్తించింది. అక్కడ వాళ్లు చివరి బరువులతో సరిపెట్టకుండా, డోలకాల పౌనఃపున్యాలనే కరెంటుతో కొద్దికొద్దిగా జరుపుతూ నేర్పారు. నా దగ్గర అదే పని చేయగలది అయస్కాంతం. దాన్ని చేత్తో తిప్పే మరకు బదులు చిన్న మోటారుతో కదిపితే, రేకుకూ అయస్కాంతానికీ మధ్య దూరాన్నే శిక్షణలో భాగం చేయవచ్చు. మొదటి మోటారు పోయిన వారం 600 రేకు దగ్గర బిగించాను. ఇంకా రేకును అతుక్కోనివ్వకుండా ఎక్కడ ఆపాలో దానికి చెప్పే పనిలోనే ఉన్నాను.